పదిహేడో ఫారం

అయినా సమోసా తిన్న చేత్తోనే ఫారం పట్టుకోవాలా ఆయన, పక్కనే టిష్యూల డబ్బా ఉంది, చెయ్యి తుడుచుకోలేదు, ఎల్సా నింపి తెచ్చిన నర్సుల సర్వే ఫారాల్లో పదిహేడోదాని మీద బొటనవేలంత నూనె మరక, దాని మీదే వేలు ఆనించి బంగారం అంటే ఇదమ్మా అన్నారు ప్రొఫెసర్ పార్థసారథి, ఇరవై ఏడేళ్ళ సర్వీసు, నరసాపురం నుంచి ఢిల్లీ, మళ్ళీ మొదలుపెట్టే అవకాశమిస్తే నర్సు పని చేస్తారా అంటే చెయ్యనన్న మనిషి, ఈ ఒక్క ఫారం మీదే అధ్యాయం రాయొచ్చు, నీకు ఎంఏ ఎందుకు, నాలుగేళ్ళ డిగ్రీ అయింది కదా, నేరుగా నా దగ్గర పీహెచ్‌డీలో చేరిపో, ఐదేళ్ళు, ఫెలోషిప్పూ ఉంటుంది, ఎల్సా తలూపింది, థాంక్యూ సర్ అంది, పది రోజుల కిందటి ఆ థాంక్యూ గుర్తొచ్చి ఇప్పుడు యమునా బ్యాంక్ స్టేషన్లో మెట్రో ఆగి ఉండగా ఫోన్ తీసి మళ్ళీ టైము చూసుకుంది, ఎదురు సీట్లో ఒకావిడ ఉడికించిన గుడ్డు వలుస్తోంది, ఇక్కడ తినకూడదన్న బోర్డు ఆవిడ తల మీదే ఉంది, సాయంత్రం ఐదింటిలోపు ఎంఏ, పీహెచ్‌డీ అడ్మిషన్ల రెండు పోర్టళ్ళలో ఒకదానిలో ఒప్పుకున్నానని నొక్కాలి, రెండో సీటు పోతుంది.

ఎంఏ అంటే మళ్ళీ తొంభై మంది కూర్చునే హాలు, నాలుగేళ్ళుగా బోర్డు మీద చూసిన డిమాండ్, సప్లై గీతలే ఇంకో రెండేళ్ళు, పాత ప్రశ్నపత్రాల జిరాక్సులు, నోట్సు మీద మోచెయ్యి అడ్డం పెట్టుకుని రాసుకునేవాళ్ళు, పీహెచ్‌డీ అంటే నేహా దీదీ, ఆయన దగ్గరే ఆరో ఏడు, సార్ ఇన్సులిన్ డిపార్ట్‌మెంటు ఫ్రిజ్‌లో ఏ అరలో ఉందో ఆమెకే తెలుసు, సార్ కూతురి అడ్మిషన్ కాగితాలూ ఆమే నింపుతుంది, చేరిపో యార్, పీహెచ్‌డీలో ఉంటే పెళ్ళెప్పుడని ఎవరూ అడగరు, థీసిస్ ఎప్పుడని అడుగుతారు, పెళ్ళి గురించి అడిగినా బాగుండుననిపిస్తుంది అని నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే ఫోన్ మోగితే జీ సర్ అని లేచి నిలబడింది, గదిలో ఆయన లేకపోయినా నిలబడింది, పోయిన ఆదివారం చర్చిలో పాస్టరుగారైతే మైకులో చెప్పేశారు, మన సువార్తమ్మగారి అమ్మాయి డాక్టరు కాబోతోంది అని, ఆరాధన అయ్యాక ఒకావిడ బిర్యానీ ప్లేటుతో వచ్చి మోకాలు చూపించింది, నాది ఎకనామిక్స్ ఆంటీ అంటే, అచ్ఛా, ఎముకలు కాదా అంది, పక్కనే ఉన్న అమ్మ వంగి ఆ మోకాలు నొక్కి చూసింది.

ఆ అమ్మే నిన్న మధ్యాహ్నం, మయూర్ విహార్ ఫ్లాట్లో, నోయిడా హాస్పిటల్లో రెండింటి డ్యూటీకి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ, మీ సార్ అంత మెచ్చుకున్న నర్సెవరే, చదువు చూద్దాం అంది, ఎల్సా చదివింది, చివరిదాకా చదివి అది నువ్వేనమ్మా అంది, నలభై ఫారాల్లో ఆ ఒక్కటీ అడగకుండా నింపింది, మండీ హౌస్ నుంచి ఇంటికి వచ్చేలోపు మెట్రోలో నింపేసింది, ఇంట్లో మనిషిని అడిగేదేముంది అనుకుంది, సువార్త ఇస్త్రీపెట్టె నిలబెట్టింది, చెయ్యనని నేనెప్పుడన్నానే, అంది, రోజూ కాళ్ళు లాగేస్తున్నాయంటావు కదమ్మా, కాళ్ళు లాగుతున్నాయంటే కాళ్ళు లాగుతున్నాయనే, మళ్ళీ మొదలెట్టమన్నా నేను నర్సింగే చేస్తాను, వార్డులో నేను ఆగమంటే డాక్టరైనా ఆగుతాడు, ఈ ఇంట్లో నా మాటకి ఫ్యానైనా ఆగుద్దా, నువ్వు నన్ను అడగలేదు గదే, అని మళ్ళీ చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించింది, ఆ గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది.

పొద్దున సార్‌కి ఫోన్ చేసి చెప్పింది, పదిహేడో ఫారం నేనే నింపాను సర్, మా అమ్మ జవాబు అది కాదు అని, అవతల చెంచా కప్పుకి తగిలిన చప్పుడు, ఆయన టీ కలుపుకుంటున్నారు, ఉంటార్లేమ్మా అలాంటి నర్సులు ఎక్కడో ఒకచోట, దాన్ని కదపకు, ముందు సీటు ఒప్పుకో, అన్నారు, అప్పటినుంచి ఇక్కడిదాకా ఆయన్ని తిట్టుకుంటూ వచ్చింది, ఆయన వేళ్ళని, చెంచాని, ఆ ఉంటార్లేని, ఆయన్ని అసహ్యించుకోవడంలో ఒక సుఖం ఉంది, ఒక ఫారం చింపేస్తే మిగతా ముప్పై తొమ్మిదీ నిజమైనవే కదా అనుకుంది, అంతలోనే గుర్తొచ్చింది, చర్చి హాల్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని అక్కడికొచ్చే నర్సుల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, అంటే మళ్ళీ ఈ పని చెయ్యరు కదా ఆంటీ, అన్నది తన గొంతే, ఆంటీ నోరు తెరిచేలోపే చెయ్యను అన్న గడి మీద పెన్ను ఉంది, ఎల్లమందమ్మ ఆంటీ ఏదో చెప్పబోయి పెన్ను వంక చూసింది, నువ్వే రాసేసుకోమ్మా, చదువుకున్నదానివి, అని కొంగు సర్దుకుని లేచిపోయింది, భోజనాలకి ఆలస్యమవుతోంది కనక అప్పుడు ఎల్సా సంతోషించింది కూడా, నలభై ఫారాలు మూడు ఆదివారాల్లో అయిపోయాయని స్టేటస్ పెట్టుకుంది.

రాజీవ్ చౌక్‌లో దిగి మెట్ల పక్కన గోడకి ఆనుకుంది, భుజాలు తగిలించుకుంటూ జనం పోతున్నారు, హటో భయ్యా అని ఎవరో ఎవర్నో నెడుతున్నారు, ఎంఏ పోర్టల్ తెరిచింది, అక్కడ నేర్పుతారని కాదు, నేర్పరేమో, కానీ ఆ తొంభై మందిలో తన రాతని పట్టుకుని అధ్యాయం కట్టేవాళ్ళు ఉండరు, తప్పయితే తప్పని ఎర్ర సిరాతో కొట్టేస్తారు, ఒప్పుకున్నానని నొక్కింది, మనసేమీ తేలికపడలేదు, నలభై మందికి ఎదురుగా కూర్చుంది, వాళ్ళ పేర్లు రాసుకుంది, వయసు రాసుకుంది, సంతకాలు పెట్టించుకుంది, ఇంతవరకూ ఒక్కరినీ ఏమీ అడగలేదు.