ఊటాక్ కుక్కలు

మా ఊరి ముందరి సముద్రం ఒకప్పుడు చలికాలం మొదట్లోనే గడ్డకట్టేది. ఆ ఏడు నెలల తరబడి చీకటి గడిచి సూర్యుడు తిరిగొచ్చాక కూడా మంచు పల్చగా, నల్లగానే ఉంది. వేట లేక కుక్కలు ఎండిపోతున్నాయి. ఇక ఆగలేక ఊటాక్ తన కుక్కలబండి కట్టి, బావమరిది మసావ్నాను వెంటబెట్టుకుని చేపలకు బయలుదేరాడు.

కొంతదూరం పోయాక బండి ఆపి, దిగి, ఇనపమొన కర్రతో మంచును పొడిచాడు. ఒక్క పోటుకే నీళ్ళు చిమ్మాయి.

"వెనక్కి పోదాం," అన్నాడు.

"వణికేది మంచా, నీ చెయ్యా బావా?" బండి మీద నుంచే నవ్వాడు మసావ్నా. "ఒట్టి చేతులతో పోయి మా అక్క మొహం ఎలా చూస్తావు?"

ఊటాక్ జవాబు చెప్పేలోపే మసావ్నా కొరడా ఝళిపించాడు. కుక్కలు ఉరికాయి. కాస్త దూరంలోనే మంచు విరిగి, బండీ అతడూ నీళ్ళలో పడ్డారు. మునుగుతున్న బండి బరువు కుక్కల్ని గుంత వైపు ఈడుస్తోంది.

ఊటాక్ పొట్టమీద పాకుతూ వచ్చాడు. ఒక పక్క పగ్గాలు. కోస్తే కుక్కలు బతుకుతాయి. ఇంకో పక్క మసావ్నా చెయ్యి. చేతినే పట్టుకున్నాడు. అతణ్ణి గట్టి మంచు మీదికి లాగేసరికి కుక్కలు ఒకదాని వెనక ఒకటి జారిపోయాయి. ఆఖరిది ముందుకాళ్ళతో అంచును పట్టుకుని ఊటాక్ వంకే చూసింది.

కొద్దిరోజులకే ఊళ్ళో మాట మారింది. కొట్టు దగ్గర కాఫీ తాగుతూ మసావ్నా, "బావకి చూపు మందగించింది. మంచు గట్టిదేనన్నాడు, నమ్మాను," అంటుంటే ఊటాక్ చెవిన పడింది. పక్కకు పిలిచి అడిగాడు.

"ఎందుకలా చెప్పావు?"

"ఎవరో ఒకరి తప్పు కావాలిగా," గొంతు తగ్గించి అన్నాడు మసావ్నా. "నీకెలాగూ బండి లేదు. నా పడవ మీదికి మనుషులు రావాలి. మంచు తెలియనివాడి వెంట ఎవరొస్తారు?"

ఊటాక్ ఇంటికొచ్చి భార్య తుకుమెక్‌తో చెప్పాడు. సీల్ తోలు గీకుతున్న ఆమె తలెత్తలేదు.

"పోనీలే. మా తమ్ముడు బతికాడు, నాకది చాలు. నువ్వూ వాడి పడవ ఎక్కు. మనం తినాలిగా."

ఆ ఏడు మంచు కరిగి సముద్రం తొందరగా తెరుచుకుంది. పడవలున్నవాళ్ళు బాగుపడ్డారు. ఊటాక్‌కు మిగిలింది ఇంటి దగ్గర ఈనిన కుక్క ఒకటి, దాని పిల్లలు. లాగడానికి బండి లేదు, పెట్టడానికి మాంసం లేదు. పడవ పని మొదలయ్యే పొద్దున దాన్ని ఇంటి వెనక బండల దగ్గరికి నడిపించుకుపోయాడు. బండి కడతాడనుకుని అది తోకాడిస్తూ వెళ్ళింది. అతను తుపాకీ తీయడం చూసి తుకుమెక్ రేడియో సౌండు పెంచింది. తర్వాత కుక్కపిల్లల్ని ఒక్కొక్కటిగా తీసుకెళ్ళాడు.

రేవుకు చేరేసరికి మసావ్నా ఇంజన్ స్టార్ట్ చేసి ఉన్నాడు.

"ఆలస్యమైంది బావా," అన్నాడు అందరూ వినేలా. "రేపట్నుంచి ముందే రా. ఆ మూల కూర్చుని చేపలు కడుగు."

ఊటాక్ పడవెక్కి ఆ మూలే కూర్చున్నాడు.