గుట్టెక్కిన ఇంగ్లీషు క్లాసు

బాలనర్సమ్మ రోజూ పొద్దున్నే రెండు సద్దులు కట్టేది, ఒకటి తనకు, ఒకటి కూతురు మనీషకు. తర్వాత ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోనును గుడ్డలో చుట్టి మేక మెడకు కట్టేది. అది కరోనా ఏడాది, బడి అంతా ఫోన్లోనే. ఆ ఊరికి సిగ్నల్ గుట్ట మీద తప్ప దొరకదు. మనీష తల్లితో పత్తి ఏరడానికి పోవాలి కాబట్టి, గుట్టెక్కేది మేక ఒక్కటే.

మనీష చదివే, రామన్నపేటలో వీరేశం సారు నడిపే ఇంగ్లీషు మీడియం బడి మాత్రం క్లాసులు ఒక్క రోజూ ఆపలేదని చాటుకునేది. ఆ క్లాసుల సంబడం చెప్పాలా? కోమల మేడం పుస్తకం చూసి చదివేది. మధ్యలో ఆమె మొహం నోరు తెరిచినట్టే ఆగిపోయేది. పిల్లల్లో సగంమంది పేరుకే ఉండి, వేరే ఆటలు ఆడుకునేవాళ్లు.

మేక మాత్రం శ్రద్ధగా వింది. దసరాకల్లా మనీష పేరు పిలిస్తే "ప్రెజెంట్ మేడం" అనసాగింది. సాయంత్రం ఇంటికొచ్చి నెమరు వేస్తూ పాఠమంతా అప్పజెప్పేది. మనీష గీసుకుపోయిన వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటూ వినేది, అర్థం కానిచోట పుస్తకం తిరగేసేది.

"మీ మేకను జర మెల్లగ చదవమనుండ్రి, టీవీ వినవడ్తలేదు," అని పక్కింటి ఐలేశం కసిరేవాడు.

ఫిబ్రవరిలో బడి తెరిచారు. మనీష పోయి మేక సంగతి చెబితే వీరేశం సారు హాజరు పట్టీ తిరగేశాడు. "రోజూ వచ్చింది మేక. తొమ్మిదో తరగతి సీటు దానిదే," అన్నాడు. పేపర్లో ఫొటో పడాలన్న యావ తప్ప ఆ మనిషికి చదువుతో ఏం పని? మేకకు టై కూడా కట్టించాడు.

"ఇగ నీకు సదువు లేదు బిడ్డా. పత్తికే రా," అంది బాలనర్సమ్మ. మనీష రెండు రోజులు అన్నం ముట్టలేదు.

తల్లిదండ్రుల మీటింగుకు బాలనర్సమ్మను మేక తల్లిగా పిలిచారు. ఆమె మనీషను వెంటబెట్టుకుని పోయింది. సారు మేకను స్టేజీ ఎక్కించి, మాట్లాడమన్నాడు.

"యామ్ ఐ ఆడిబుల్? యూ ఆర్ ఆన్ మ్యూట్. నెట్‌వర్క్ ప్రాబ్లం, మేడం."

చప్పట్లు మోగాయి. ఆ ఏడాది ఆ బడి పిల్లలకు వచ్చిన ఇంగ్లీషు కూడా అంతే.

"ఇంకా చెప్పు," అన్నాడు సారు ఉబ్బిపోతూ.

మేక ఈసారి అచ్చం సారు గొంతుతోనే అంది: "దీజ్ పీపుల్ ఆర్ షీప్. దే విల్ నెవర్ లెర్న్. జస్ట్ ప్లే సమ్ వీడియో."

సారు మొహం మాడిపోయింది. జనం మాత్రం ఇంకా గట్టిగా కొట్టారు చప్పట్లు. ఇంగ్లీషైతే చాలు, ఏమన్నా కొడతారు.

మనీష లేచి నిలబడింది.

"ఆపుండ్రి! గది పాఠం కాదు, పుస్తకంల యాడ లేదు. క్లాసు అయినంక ఫోన్ బంద్ చెయ్యక మునుపు సారు మేడంతోని అన్న మాట. 'గీళ్లు గొర్లు. గీళ్లకు సదువు రానే రాదు. ఏదన్న వీడియో పెట్టి ఊకో' అన్నడు."

కోమల మేడం తల దించుకుని, "నిజమే," అంది.

"మేక మాట నమ్ముతరా?" అని అరిచాడు సారు.

"నమ్మి సీటిచ్చింది నువ్వే గద," అన్నాడు మీటింగుకు వచ్చిన పక్కింటి ఐలేశం.

బాలనర్సమ్మ స్టేజీ ఎక్కి మేక మెడలోని టై పీకేసింది. ఊరి దారి పట్టాక కూతురి వైపు తిరిగింది.

"రేపటి సంది నువ్వు పత్తికి రాకు. సర్కారు బళ్లె పేరు రాయిస్త. మల్ల ఎవడన్న మనల్ని ఇంగ్లీషుల తిడితే, అప్పటికప్పుడే నాకు తెల్వాలె."