నల్లమల ఘాట్‌లో మే మధ్యాహ్నం

గిద్దలూరు ఆసుపత్రిలో డాక్టరు ఈసీజీ కాగితం చూసి, "గుండెపోటే. ఇక్కడ చేయగలిగింది చేశాం. వెంటనే నంద్యాల తీసుకుపోండి," అన్నాడు. అంబులెన్సు ఇంకో కేసు మీద మార్కాపురం పోయింది. బట్టల దుకాణం ఉమామహేశ్వర్లు మంచం మీద చెమటతో తడిసి ముద్దయ్యాడు. ఆయన భార్య కన్యకాపరమేశ్వరి గుమ్మంలో నిలబడ్డ ముస్తాక్ అహ్మద్ వైపు తిరిగింది.

"నీ కారుంది గదా ముస్తాకూ!"

"తెస్తున్నా వదినా," అంటూనే అతను పరుగెత్తాడు.

ముస్తాక్‌ది వాళ్ల పక్కనే సెల్‌ఫోన్ల దుకాణం. కారంటే అతనికి ప్రాణం. కిందటి చలికాలం బెంగళూరు తీసుకుపోయి, ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్పించి, టర్బో ఇంజిన్‌లోకి మరింత గాలి తోసేలా ట్యూనింగ్ చేయించాడు. ఆ షాపువాడు ఒక మాట చెప్పాడు: "ఎండాకాలం గాలి పలచన. అంతే గాలి నింపాలంటే టర్బో ఇంకా జోరుగా తిరగాలి, ఇంకా వేడెక్కుతుంది. దానికీ ఓ హద్దుంది." అవసరమైతే కంపెనీ సెట్టింగుకు మార్చుకొమ్మని స్టీరింగ్ కింద ఒక స్విచ్ కూడా బిగించి ఇచ్చాడు. ముస్తాక్ ఆ స్విచ్‌ని ఒక్కసారీ ముట్టుకోలేదు.

దిగువమెట్ట దాటేదాకా బండి బాణంలా పోయింది. వెనక సీట్లో భర్త తల ఒళ్లో పెట్టుకుని కన్యకాపరమేశ్వరి ఏసీ గాలి ఆయన ముఖానికి తగిలేలా కొంగుతో విసురుతోంది. రోడ్డు మీద ఎండ నీళ్లలా తళతళలాడుతోంది. ఘాట్ ఎక్కుడు మొదలైంది. ముందు సిమెంటు లారీ ఒకటి నత్తలా పాకుతోంది. మలుపు తిరగగానే ముస్తాక్ యాక్సిలరేటర్ అదిమి దాన్ని దాటేశాడు. టర్బో ఈల సన్నగా, చెవులు గుచ్చేలా లేచింది. ఆ ఊపులోనే ఇంకో మలుపు, ఇంకో మలుపు.

ఉన్నట్టుండి బండి చచ్చుబడింది. కాలు పూర్తిగా అదిమినా కదలిక లేదు. మీటర్ల మధ్య పసుప్పచ్చ దీపం వెలిగింది.

"ఏందది? ఏమైనాది?" అంది కన్యకాపరమేశ్వరి.

"వేడెక్కినాది వదినా. ఇంజిన్ కాలిపోకుండా కంప్యూటరే పవర్ కోసేసినాది."

బండి పక్కకు ఆపి, ఆర్పి, మళ్లీ స్టార్ట్ చేశాడు. దీపం పోయింది. బలం తిరిగొచ్చింది. ముస్తాక్ మళ్లీ తొక్కాడు. రెండు మలుపులు తిరిగేసరికి మీటర్లో ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి పాకింది, కాలిన నూనె వాసన లోపలికొచ్చింది. ఈసారి టర్బో పగిలి బండి నిలిచిపోతే, ఎవర్నైనా పిలవడానికి ఈ అడవిలో ఫోనుకు సిగ్నల్ కూడా ఉండదు.

కాలు తీశాడు. స్టీరింగ్ కిందికి చెయ్యి పోనిచ్చి స్విచ్ నొక్కాడు. ఏసీ ఆపి, అద్దాలన్నీ దించాడు. కొలిమిలోంచి వచ్చినట్టు వడగాలి లోపలికి కొట్టింది.

"ఏసీ ఎందుకు ఆపినావు? ఆయనకు ఊపిరాడేది ఎట్ల?"

"ఏసీ వేస్తే ఇంజిన్ మీద ఇంకా బరువు వదినా. తడిగుడ్డ వెయ్యి అన్న ముఖం మీద. నీళ్ల సీసా అక్కడే ఉంది."

బండి మూడో గేరులో, ఒకే తీరున, మెల్లగా ఎక్కసాగింది. కాసేపటికి వెనకనుంచి హారన్ మోగింది. ఇందాక వాళ్లు దాటిన లారీయే. ముస్తాక్ బండి పక్కకు తీసి దారిచ్చాడు. అది పొగ చిమ్ముకుంటూ ముందుకు పోయింది.

కన్యకాపరమేశ్వరి ఏడుపు ఆపుకోలేకపోయింది. "లారీ కూడా దాటిపోయినాదే! ఇంత గొప్ప బండని ఊరంతా చెప్పుకుంటివే. నీకు బండే ముఖ్యమా, నీ అన్న ముఖ్యమా?"

ఆ మాట ముస్తాక్ గుండెలో దిగింది. కాలు తనంతట తానే బరువెక్కబోయింది. బలవంతాన ఆపుకున్నాడు.

"ఇప్పుడు తొక్కితే మధ్యలో నిలిచిపోతాం వదినా. నన్ను తర్వాత తిట్టు. అన్నతో మాట్లాడుతూ ఉండు, కళ్లు మూయనియ్యకు."

అద్దంలో చూశాడు. ఉమామహేశ్వర్లు పెదవులు కదిలాయి. "పోనీలే... వాడు... పోతన్నాడు గదా," అన్నాడు, గాలి తీసుకుంటూ.

వేడి ముల్లు ఇంకా పైకెక్కకుండా ఒకచోట నిలబడింది. ఘాట్ నెత్తికెక్కేదాకా అతను దాన్నే చూస్తూ, రోడ్డునే చూస్తూ నడిపాడు. దిగుడు మొదలయ్యాక ఇంజిన్ మీద బరువు తగ్గింది. అద్దాలెత్తి ఏసీ వేశాడు. అప్పటికి వెనక తడిగుడ్డ ఆరిపోయింది. గాజులపల్లె దాటాక రోడ్డు చదునైంది.

నంద్యాల ఆసుపత్రిలో ఆయన్ను నేరుగా లోపలికి తీసుకుపోయారు. చీకటి పడకముందే మూసుకుపోయిన గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు. గుండె కొంత దెబ్బతిన్నదనీ, ఇక బరువులెత్తకూడదనీ, ప్రాణానికి మాత్రం భయం లేదనీ డాక్టరు చెప్పాడు.

ముస్తాక్ బయటికొచ్చి బానెట్ ఎత్తాడు. టర్బో పైపు అతుకు దగ్గర నూనె కారి నల్లగా పేరుకుంది. వేలితో ముట్టి చూశాడు. అక్కడే గట్టు మీద కూలబడ్డాడు.

కన్యకాపరమేశ్వరి వచ్చి టీ గ్లాసు అందించింది.

"దారిలో నోటికొచ్చినట్టు అంటిని నాయనా."

"అనకుండా ఎట్లుంటావు వదినా. నేను నీ చోట ఉంటే ఇంకా అంటుంటి."

మర్నాడు అక్కడి మెకానిక్ టర్బో విప్పి చూపించాడు. ఇరుసు వదులై, చేత్తో కదిపితే అటూ ఇటూ ఊగుతోంది. టర్బో మార్చి, బెంగళూరు ట్యూనింగ్ పూర్తిగా తీసేయమన్నాడు ముస్తాక్. వారం తర్వాత ఉమామహేశ్వర్లును అదే కారులో ఇంటికి తీసుకొచ్చాడు, పొద్దున్నే, ఎండ ముదరకముందే.