వెల్లకిలా

"ఆఖరి ఆట. ఇవాళైనా ఓడిపోరా," అన్నాను.

డ్వెయిన్ హొవాక్ తలెత్తలేదు. మోకాలికి పట్టీ చుట్టుకుంటున్నాడు. మా ఊరి ఫైర్ స్టేషన్ హాలు వెనక వంటగదే మాకు డ్రెస్సింగ్ రూము. పక్కనే ఫైర్‌మెన్ల భార్యలు పిరోగీలు, అంటే బంగాళాదుంప కజ్జికాయలు, వేయిస్తున్నారు. డ్వెయిన్ ఒంటి మీది నొప్పిమందు ఘాటు ఉల్లిపాయల వాసనని కూడా మింగేస్తోంది.

"కుస్తీ కంపెనీ నాది. ప్రతి ఆట ముగింపూ ముందే రాసేది నేను. నేనే గెలుస్తున్నాను."

"వెళ్ళిపోయేవాడు కుర్రాడి చేతిలో వెల్లకిలా పడి వెళ్ళాలి. నీకు ముందున్న పెద్దాయన తన ఆఖరి ఆటలో నీ చేతిలో పడలేదూ?"

"పెద్దాయన నాలాగా విరిగిన మెడకు స్టీలు ప్లేటు వేయించుకోలేదురా వెస్. ముళ్ళతీగ మీద దొర్లి పెంచుకున్న పేరు ఇది. పడుకుని పోగొట్టుకోమంటావా?"

ట్రెంట్ తలుపులోంచి తొంగిచూశాడు. ఇవాళ డ్వెయిన్‌తో తలపడేది అతనే. "గురూ, నడుం పట్టేస్తే చెప్పు. ఎత్తుకుని తిప్పుతా."

"ముందు నీ లాగు జారకుండా చూసుకో," అన్నాడు డ్వెయిన్. నవ్వలేదు. నవ్వడానికి కూడా ఓపిక కావాలి.

నేను రిఫరీని. ఎదుటివాడు అదిమిపట్టగా భుజాలు రెండూ చాపకి ఆనిన మనిషి, నేను చాప మీద మూడుసార్లు కొట్టేలోపు లేవకపోతే ఓడినట్టు. నిజంగా దెబ్బ తగిలితే నేను తలమీద చేతులు అడ్డంగా కలిపి చూపిస్తాను. ఆట ఆపాలని దాని అర్థం. పోయిన వసంతంలో డ్వెయిన్ ఆ సైగను కథలో కలిపేశాడు. ఉత్తుత్తి దెబ్బ, ఉత్తుత్తి సైగ. జనం వెర్రెత్తిపోయారు. నిజమనుకుని లోపల్నుంచి పరిగెత్తుకొచ్చిన మల్లయోధుణ్ణి, ఆట చెడగొట్టావంటూ ఆ రోజే కంపెనీలోంచి పంపించేశాడు. ఆట ముగిసిందని గంట కొట్టే ఓటిస్‌కి కూడా గట్టిగా చెప్పాడు: "వెస్ చెయ్యి చాప మీద మూడుసార్లు పడితేనే కొట్టు. నేను చచ్చినా సరే." పోస్టర్ల మీదా అదే మాట: ఇక్కడ ఆట ఆపరు.

ఆట బాగానే సాగింది. ఒకరి వీపున ఒకరు కొట్టుకున్న ట్యూబులైట్లు పగిలాయి, ఇద్దరికీ రక్తాలు కారాయి. తర్వాత ట్రెంట్ బరి చుట్టూ కట్టిన పై తాడు మీదికెక్కి దూకాడు. కాలు జారింది. మెడ మీద పడి, బోర్లా దొర్లి, అలాగే ఉండిపోయాడు.

మోకాళ్ళ మీద కూలబడి అతని తల కదలకుండా పట్టుకున్నాను.

"వెస్... కాళ్ళు తెలియడం లేదు."

మోకాళ్ళతో తలకు ఆసరా ఇచ్చి చేతులు అడ్డంగా ఎత్తాను.

"మళ్ళీనా!" అని హాలంతా ఈలలు. "పాత నాటకమేరా ముసలోడా!"

మల్లయోధులు వచ్చే దారిలో తెర కదల్లేదు. లోపలివాళ్ళు ఒకసారి నేర్చుకున్న పాఠం మరిచిపోలేదు.

"నిజం రా! అంబులెన్స్!" డ్వెయిన్ గొంతు చీలిపోయేలా అరిచాడు.

"ఏడుపు బాగుంది, ఇంకాస్త ఏడు!" అని ముందు వరసలో ఒకావిడ చప్పట్లు కొట్టింది.

"ఓటిస్, గంట కొట్టు!" అన్నాడు డ్వెయిన్.

ఓటిస్ కన్నుకొట్టాడు. చెప్పిన మాట జవదాటడని డ్వెయిన్ ఏరికోరి పెట్టుకున్న మనిషి.

డ్వెయిన్ నావైపు చూశాడు. తను గెలవాలంటే ట్రెంట్‌ని వెల్లకిలా తిప్పాలి. ఆ మెడను తిప్పితే ఏమవుతుందో అతనికంటే తెలిసినవాడు ఆ హాల్లో లేడు.

గాజుపెంకుల మీదే పడుకున్నాడు. ట్రెంట్ చాచిన చేతి పక్కకు వీపుతో పాక్కుంటూ వెళ్ళి, ఆ వేళ్ళను మాత్రం తన గుండె మీదికి తీసుకున్నాడు, ట్రెంటే తనని అదిమిపట్టినట్టు.

"లెక్కపెట్టు."

చాప మీద కొట్టాను. ఒకటి. రెండు. అతని భుజాలు లేవలేదు. మూడు.

గంట మోగింది. ఈలలు ఆగిపోయాయి. డ్వెయిన్ హొవాక్ ఊరికే పడుకునే మనిషి కాడని ఆ హాల్లో అందరికీ తెలుసు. చప్పట్లు కొట్టినావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తెర తోసుకుని కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఫైర్‌మెన్లు ప్లేట్లు వదిలేసి స్ట్రెచర్ తెచ్చారు. వాళ్ళ అంబులెన్స్ బండి గోడకవతలే ఉంది.

ట్రెంట్ మెడకు పట్టీ బిగించి జాగ్రత్తగా ఎత్తారు. డ్వెయిన్ ఇంకా అలాగే ఉన్నాడు.

"కాలు కదిలిందా?"

"బొటనవేలు. కొంచెం."

కళ్ళు మూసుకున్నాడు. "ఛాంపియన్ బెల్టు వాడి పక్కన పెట్టు."

పెట్టి వచ్చాను. "ఇక లే, గాజు గుచ్చుకుంటుంది."

"గుచ్చుకోనీరా," అన్నాడు. "కాసేపు పడుకోనీ."