కౌంటర్ దగ్గర పలికిన పేరు

2013 అక్టోబర్ 30, బుధవారం, ఉదయం తొమ్మిదీ పదికి, సౌదీ అరేబియాలోని ఖఫ్జీలో ఒక మెయింటెనెన్స్ కంపెనీ ఆఫీసులో భూమేష్ కౌంటర్ దగ్గర నిలబడి ఒక పేరు పలికాడు. చేతిలో కిలో లడ్డూల డబ్బా ఉంది.

“ఆర్నెల్ సార్ ఎవరు? నా పని చేసిపెట్టింది ఆయనే” అన్నాడు హిందీలో.

గదిలో నలుగురు గుమాస్తాలున్నారు. మూడో టేబుల్ దగ్గర కూర్చున్న ఫిలిప్పీన్స్ మనిషి కీబోర్డు మీద వేళ్లు ఆపాడు. తల ఎత్తలేదు. అతనే అయి ఉంటాడని భూమేష్ అటు రెండడుగులు వేశాడు. అప్పుడు వెనక అద్దాల గది తలుపు తెరుచుకుని మేనేజరు బయటికి వచ్చాడు. సౌదీ మనిషి. ముప్పై ఏళ్లుగా ఇండియావాళ్లతో, పాకిస్తాన్‌వాళ్లతో పని చేయిస్తున్నాడు. హిందీ వచ్చు.

“ఏం పని చేసిపెట్టాడు?” అని అడిగాడు.

భూమేష్ డబ్బాను వెనక్కి తీసుకున్నాడు.

“ఈ మనిషి ఎవరో నాకు తెలీదు” అన్నాడు ఆర్నెల్ మేనేజరుతో.

మేనేజరు ఆర్నెల్ టేబుల్ మీదున్న తొమ్మిది ఫైళ్లూ తీసుకుని లోపలికి వెళ్లాడు. ఐదు నిమిషాల తర్వాత వచ్చి, ఆదివారం రా అని భూమేష్‌కు చెప్పాడు. ఆదివారం నవంబర్ మూడు. గడువుకు అదే ఆఖరి రోజు.

గడువు సంగతి ఖఫ్జీలో పనివాళ్లందరికీ తెలుసు. సౌదీ పౌరులను తగినంతమందిని పెట్టుకున్న కంపెనీకి సర్కారు పచ్చ రంగు ఇచ్చింది, పెట్టుకోని కంపెనీకి ఎరుపు. ఈ లెక్కనే నితాకత్ అన్నారు. ఎరుపు కంపెనీలో పనివాడి ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, గడువు తీరితే మళ్లీ ఇవ్వరు. భూమేష్ ఏసీ మెకానిక్. కరీంనగర్ జిల్లా మనిషి. అతని కంపెనీ ఎరుపు. ఇకామా జూన్‌లో అయిపోయింది. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర ఉంది, కఫీల్ ఫోను ఎత్తడం మానేశాడు. పచ్చ కంపెనీ ఏదైనా తీసుకుంటే కఫీల్ సంతకం లేకుండానే మారొచ్చు. నవంబర్ మూడు దాటాక కాగితం లేకుండా దొరికితే రెండేళ్ల దాకా జైలు అని ప్రకటన వచ్చింది.

ఈ పచ్చ కంపెనీలో ఉన్నవి తొమ్మిది ఖాళీలు. దరఖాస్తులు రెండు వందల పైచిలుకు. భూమేష్ కాగితం ఆ తొమ్మిదిలోకి రావడం వెనక రొడెల్ ఉన్నాడు.

రొడెల్ చమురు బావులకు సరుకు మోసే బోటులో వంటవాడు. అంతకు ముందు పన్నెండేళ్లు ఫిలిప్పీన్స్ నేవీలో వంట చేశాడు. ఖఫ్జీ నుంచి జెద్దా దాకా ఓడల్లో, గోదాముల్లో, ఆఫీసుల్లో అతనిలా నేవీ వదిలి వచ్చినవాళ్లు నలభైమంది దాకా ఉన్నారు, ఒకరి పని ఒకరు చేసిపెడతారు. ఆగస్టులో ఒక శుక్రవారం బోటులో ఫ్రీజరు ఆగిపోయింది. కంపెనీ వర్క్ ఆర్డరు వచ్చేసరికి రెండు రోజులు పడుతుంది, పద్నాలుగుమంది తినే మాంసం పాడైపోతుంది. భూమేష్ ఆర్డరు లేకుండానే వెళ్లి కంప్రెసరు బాగుచేశాడు. ఆ తర్వాత రొడెల్ అతన్ని ఇంకో ఐదు చోట్లకు పంపాడు. ఒక నర్సు ఇంట్లో ఫ్రిజ్, ఒక సరంగు గదిలో ఏసీ. ఎవరూ పైసా ఇవ్వలేదు, భూమేష్ అడగలేదు. సెప్టెంబరులో రొడెల్ తనే అతని ఇకామా జిరాక్స్ అడిగి తీసుకుని, ఈ కంపెనీ కిటికీలో దరఖాస్తు ఇచ్చి రమ్మన్నాడు.

“నేవీలో సంతకం పెట్టేది ఆఫీసరు” అని ఆ రోజు చెప్పాడు, సగం హిందీలో, సగం అరబ్బీలో. “ఎవరి కాగితం పైన ఉండాలో చూసేది గుమాస్తా. గుమాస్తాకు ఆకలేస్తే వచ్చేది నా దగ్గరికి. ఇక్కడా అంతే, సదీక్, దోస్త్. ఎవరు చేశారని అడగొద్దు. అయ్యాక ఎవరికీ థాంక్స్ చెప్పొద్దు.”

ఆ చివరి మాటను భూమేష్ మర్యాదకు అన్నదనుకున్నాడు. వాళ్ల ఊళ్లో తహసీల్ ఆఫీసులో పని చేసిపెట్టినవాళ్లు కూడా ఇవన్నీ ఎందుకయ్యా అంటారు. అన్నా సరే తీపి పట్టుకుపోవాలి. పోకపోతే మనిషికి విశ్వాసం లేదంటారు. ఆ తొమ్మిదిలోకి ఎంపికైనట్టు కంపెనీ ఇచ్చిన రసీదు కింద, తయారుచేసినవారు అన్నచోట ఆర్నెల్ అని అచ్చు వేసి ఉంది. దాన్ని చదువుకుని అతను లడ్డూలు కొన్నాడు.

డబ్బాతోనే గదికి తిరిగొచ్చాడు. గదిలో ఉండే రాజేశం మేస్త్రీ. వయసు యాభై దాటింది. అతని కంపెనీ పచ్చది. సంగతంతా విని చేతిలో గ్లాసు కింద పెట్టాడు.

“లడ్డూలు వట్కపోయినవా?”

“అవునన్నా.”

“పెండ్లి పత్రిక గూడ ఇయ్యకపోయినవ్? గింత పెద్దోనివైనవ్, ఎవడన్న దొంగసాటుగ పని చేసిపెడ్తె నలుగుర్ల నిలవడి పేరు వెట్టి పిలుస్తడారా?”

“దొంగతనమేం గాదన్నా. నాకు పని అచ్చు. వాళ్లకు మెకానిక్ గావాలె. నా కాగితం మీద వెట్టిండు, గంతే.”

“గంతే అయితే గా మేనేజరు ఫైల్లెందుకు లోపటికి తీస్కపోయిండు?”

రాజేశం డబ్బా మూత తీసి చూసి మళ్లీ పెట్టేశాడు.

“రొడెల్‌కు జెప్పినవా?”

“లేదు.”

“పోయి జెప్పు. ఫోన్ల గాదు. మొకం జూసి జెప్పు.”

సాయంత్రం నాలుగింటికి రొడెల్ బోటుకు కూరగాయలు కొనడానికి మార్కెట్‌కు వస్తాడు. గది నుంచి మార్కెట్ ఒకటిన్నర కిలోమీటరు. దారిలో పోలీసు బండి ఒకటి నిలబడి ఉంది. భూమేష్ బక్కాలా అనే ఒక చిల్లర దుకాణంలోకి దూరి, బండి కదిలేదాకా సబ్బుల అర ముందు నిలబడ్డాడు. దుకాణం మనిషి బండి వైపు చూశాడు, ఏం కావాలని అడగలేదు. అక్కడి నుంచి బయటపడి మార్కెట్ చేరేసరికి రొడెల్ ఉల్లిగడ్డలు ఏరుతున్నాడు.

విన్నాక రొడెల్ తిట్టలేదు. ఏరడం ఆపాడు.

“ఏ మాటలన్నావు? అన్నవి అన్నట్టు చెప్పు.”

భూమేష్ చెప్పాడు.

“నా పేరు?”

“అనలేదు.”

“బోటు పేరు?”

“లేదు.”

“నర్సు? సరంగు?”

“ఎవరి పేరూ అనలేదు భాయ్. ఆయన పేరొక్కటే.”

రొడెల్ ఉల్లిగడ్డల సంచి మూతి కట్టాడు. ఆర్నెల్‌ను తను ఒక్కసారి కూడా చూడలేదని, మధ్యలో ఇంకో ఇద్దరున్నారని చెప్పాడు. ఆ ఇద్దరిలో ఒకరి ఇకామా కూడా అయిపోయిందట.

“ఇంకోసారి ఎవరినైనా అడిగి చూడరాదా?” అన్నాడు భూమేష్.

“ఒకే పని రెండుసార్లు అడిగితే ఇద్దరు దొరికిపోతారు. నా నంబరు తీసేయ్.” భూమేష్ ఫోను తీశాడు. రొడెల్ అక్కడే నిలబడి, నంబరు పోయేదాకా చూశాడు. “ఆదివారం ఆ మేనేజరు నిన్ను పేర్లు అడుగుతాడు” అన్నాడు. సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

గురువారం, శుక్రవారం, శనివారం భూమేష్ గది దాటలేదు. పక్క వీధిలో తనిఖీ అయిందని ఒకరు, గడువు పెంచుతున్నారని ఇంకొకరు వచ్చి చెప్పారు. రెండూ నిజం కావని తర్వాత తేలింది. తలుపు చప్పుడైనప్పుడల్లా అతను లేచి గోడకు ఆనుకుని నిలబడేవాడు. శనివారం అమ్మ గౌరవ్వ ఫోను చేసి, కాగితం అయ్యిందా బిడ్డా అంది. అయితాంది అన్నాడు. ఫోను పెట్టాక రసీదు తీసి మళ్లీ చూశాడు. రాజేశం వచ్చి పక్కన కూర్చున్నాడు.

“రేపు ఒక్కటి యాదిపెట్టుకో తమ్మీ. అబద్ధం జెప్పకు. నీకు చాతగాదు. దొరికిపోతవ్.”

“మరేం జెప్పాలె?”

“నిజం జెప్పు. మొత్తం జెప్పకు.”

నవంబర్ 3, ఆదివారం, ఉదయం పదిన్నరకు మేనేజరు భూమేష్‌ను లోపలికి పిలిచాడు. బల్ల మీద తొమ్మిది ఫైళ్లున్నాయి, భూమేష్‌ది పైన ఉంది. మేనేజరు కుర్చీ చూపించలేదు.

“నీ కాగితం ఆర్నెల్‌కు ఎవరిచ్చారు? పేరు చెప్పు. ఇప్పుడే సంతకం పెడతాను.”

పెన్ను మూత తీసి ఉంది. రొడెల్ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. భూమేష్ బల్ల అంచు పట్టుకున్నాడు.

“రసీదు మీద ఆర్నెల్ సార్ పేరుంది. అది చూసి వచ్చిన. మా దగ్గర పని చేసినోళ్లకు తీపి ఇస్తరు సార్.”

“రసీదు మీద నా సంతకం కూడా ఉంది. నాకెందుకు తేలేదు?”

భూమేష్ దీనికి జవాబు తయారుచేసుకు రాలేదు.

“మీది అరబ్బీల ఉన్నది సార్. నాకు సదువరాదు.”

మేనేజరు రసీదు తీసుకుని చూశాడు. మళ్లీ భూమేష్ వైపు చూశాడు. నవ్వలేదు.

“ఓడల్లో వంట చేసే ఫిలిప్పీన్స్‌వాళ్లు నీకు తెలుసా?”

“బోట్లల్ల ఏసీలు, ఫ్రీజర్లు నేనే బాగుచేస్త సార్. శానమందిని జూసిన.”

“పేర్లు?”

“నన్ను మెకానిక్ అంటరు. నేను కుక్ అంట.”

మేనేజరు పెన్నుకు మూత పెట్టి, బయట కూర్చోమన్నాడు.

బయట బెంచీ మీద ఆ ఫైళ్లలోని మిగతా ఎనిమిదిమంది ఉన్నారు. పదకొండింటికి ఆర్నెల్‌ను లోపలికి పిలిచారు. పన్నెండున్నరకు అతను తన సామాను సంచితో బయటికి వచ్చాడు. బెంచీ ముందు నుంచే నడిచి మెట్లు దిగాడు. భూమేష్ లేచి నిలబడ్డాడు. ఆర్నెల్ అటు చూడలేదు.

ఆ తొమ్మిది ఫైళ్లలో రెండు కిటికీలో ఇచ్చిన దరఖాస్తులు కావని, దొడ్డిదారిన చేర్చినవని, ఆ పని ఆర్నెల్‌దేనని గుమాస్తాలు అనుకుంటుంటే భూమేష్ విన్నాడు. తన దరఖాస్తు తనే కిటికీలో ఇచ్చాడు. ఆర్నెల్ దాన్ని కింది నుంచి పైకి తెచ్చాడు, అంతే. ఆ తేడా మేనేజరు చూస్తాడో చూడడో తెలియదు. మధ్యాహ్నం రెండింటికి పేర్లు పిలవడం మొదలుపెట్టారు. ఆరు పేర్ల తర్వాత గుమాస్తా ఫోను మోగింది. అతను నాలుగు నిమిషాలు మాట్లాడాడు. బెంచీ మీద ముగ్గురు మిగిలారు. ఫోను పెట్టి, ఏడో పేరు చదివాడు. అది భూమేష్‌ది. ఆ తర్వాత కిటికీ మూశాడు. మిగిలిన ఇద్దరూ బెంచీ మీదే కూర్చుని ఉన్నారు.

మూడూ ఐదుకు కార్మిక శాఖ కంప్యూటరులో భూమేష్ పేరు కొత్త కంపెనీ కిందికి మారింది. గుమాస్తా కాగితం అచ్చుతీసి ఇచ్చాడు.

సోమవారం ఉదయం ఖఫ్జీలో తనిఖీలు మొదలయ్యాయి. ఏడూ ఇరవైకి గది తలుపు కొట్టారు. రాజేశం తీశాడు. పోలీసు ముందు రాజేశం ఇకామా చూసి ఇచ్చేశాడు, తర్వాత భూమేష్ కాగితం తీసుకున్నాడు. అందులో నంబరు ఫోనులో ఎవరికో చదివి వినిపించాడు. జవాబు కోసం ఆగాడు. కాగితం తిరిగి ఇచ్చి పక్క గదికి వెళ్లాడు. ఆ గది నుంచి నలుగురిని కిందికి దించారు. ఏడూ నలభైకి వాళ్లను ఎక్కించుకుని పోలీసు బస్సు కదిలింది.