దెబ్బ నాలో లేదు

నేను ఒక పాత ఇంజన్ని. లారీ కోసం పుట్టాను. పదకొండేళ్లు సిమెంటు బస్తాలు మోశాను. లారీ లోయలో పడి తుక్కయినా నేను చావలేదు. విశాఖ చేపల రేవులో బోటున్న గరికిన పోలయ్య నన్ను కొని ఉప్పునీళ్ల మీదికి తెచ్చాడు. తొమ్మిదేళ్లుగా అతని బోటును తోస్తున్నది నేనే. దేవుడి పటానికి రోజూ దండ వేస్తాడు గానీ నాకు ఆయిలు మార్చడం మాత్రం నెలల తరబడి వాయిదా వేస్తాడు.

ఏటా ఎండాకాలంలో రెండు నెలలు వేట నిషేధం. బోట్లను గట్టు మీదికి లాగి బాగుచేసుకునే కాలం అదే. ఈసారి దావూద్ మేస్త్రి నన్ను నిలువునా విప్పి పిస్టన్లు, బేరింగులు కొత్తవి వేశాడు. బోటు గట్టు మీద ఉండగానే మళ్లీ అందులో కూర్చోబెట్టి బిగించాడు. స్టార్టు చేస్తే మెత్తగా తిరిగాను. మేస్త్రి మీసం దువ్వుకున్నాడు.

బోటును నీళ్లలోకి దింపి గేరు వేశారో లేదో, టకటకమని ఒకటే దెబ్బ.

నిషేధం ముగియడానికి మూడు రోజులే ఉన్నాయి. మొదటిరోజు బోటు కదలకపోతే వలలు లాగే కళాసీలు వేరే బోట్లెక్కిపోతారు, మళ్లీ ఏడాదికి గానీ దొరకరు. పోలయ్యకు అన్నం సయించలేదు. మేస్త్రి ఒక్కో సిలిండరుకూ డీజిలు గొట్టం వదులు చేసి విన్నాడు. ఏది ఆపితే దెబ్బ ఆగుతుందో రోగం అందులో ఉన్నట్టు. ఆరింటినీ అలా చూసినా దెబ్బ ఆగలేదు. అంటే రోగం నాలో లేదనేగా! ఆ మాట ఒప్పుకుంటే తన బిగింపును అనుమానించాలి మరి.

"క్రాంకు పోనాది పోలయ్యా. ముసలి ఇంజను, ఇంకేటి సేత్తాం? తుక్కుకి ఇచ్చీ" అన్నాడు. క్రాంకంటే నా వెన్నెముక.

నాకు ఒళ్లు మండిపోయింది. తప్పు అతనిది, శిక్ష నాకా? గేరు వేసిన ప్రతిసారీ దెబ్బ అంతకంత గట్టిగా మోగింది.

మూడోరోజు పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని తుక్కు వ్యాపారి గొలుసులతో సహా దిగాడు. పోలయ్య కళ్లు తుడుచుకుని సరేనన్నాడు. బోటు నడిపే సరంగు దానయ్య ఊరి నుంచి వచ్చింది అప్పుడే. అతను నా దగ్గరికి రాలేదు. చెప్పులు విడిచి బోటు వెనక భాగాన నిలబడ్డాడు.

"ఓపాలి గేరు తియ్యండి."

దెబ్బ ఆగింది.

"ఇప్పుడెయ్యండి."

టకటక.

"దెబ్బ ఇంజన్లో నేదు గురూ. నా కాళ్లకిందుంది, నీట్లో బోటుని తోసే ఫేను తిప్పే ఇరుసు కాడ. గట్టు మీదే బిగించీసినారు గదా! నీట్లో దిగితే బోటు ఒంటి వంపు మారదేటి?"

విప్పి చూస్తే నేనూ ఇరుసూ కలిసేచోట గోరు దూరేంత సందుంది. నా కాళ్ల కింద రేకుముక్కలు పెట్టి, నీళ్లలోనే సరిచేసి బిగించారు. గేరు వేస్తే దెబ్బ లేదు.

"నాకూ అదే అనుమానం" అన్నాడు మేస్త్రి. నన్ను క్షమించమని ఎవరూ అడగలేదు, అడిగినా క్షమించేదాన్ని కాను.

మర్నాడు తెల్లవారుతూనే బయల్దేరాం. కళాసీలందరూ ఎక్కారు. తుక్కు వ్యాపారి మళ్లీ వచ్చి, ఇంకా ఆశ చావక గట్టంచున నిలబడి చూస్తున్నాడు. ఆ తెల్లచొక్కా నిండా నల్లటి పొగ వదిలాను. అది మాత్రం కావాలనే.