భాగ్యరేఖకు రిలీవర్

భిలాయి దగ్గర హథ్‌ఖోజ్‌లో యంత్ర భాగాలు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో భాగ్యరేఖ తనిఖీ పని చూస్తుంది. ఆ శనివారం యజమాని శ్యామసుందర్ ఆమెను పిలిచి, ఇకనుంచి తనిఖీ విభాగం మొత్తానికి ఇన్‌ఛార్జిగా ఉండమన్నాడు. సోమవారం జవాబు చెప్పమన్నాడు.

ఎన్నాళ్ళుగానో ఆమె కోరుకున్నదే. కాని స్మృతి నగర్‌లో ఇంటి ముందు స్కూటీ ఆపేసరికి ఆ సంతోషం సగం నీరుగారిపోయింది. ఇప్పటికే రోజూ తెల్లారకముందు లేచి వంట, నీళ్ళు, బట్టలు, కూతురు కుముదిని టిఫిన్ డబ్బా అన్నీ ముగించుకుని పరుగెడుతోంది. దీని మీద మరో బరువెక్కడ మోస్తుంది?

పక్కింటి విమలకుమారి దగ్గరకు వెళ్ళి ఆ మాటే చెప్పింది. విమలకుమారి గుంటూరు నుంచి పెళ్ళయి వచ్చి, భిలాయిలోనే నర్సుగా చేసి రిటైరయింది. వరండాలో గోంగూర వలుస్తూ అంతా విన్నది.

"వద్దని చెప్పేద్దామనుకుంటున్నాను ఆంటీ."

"చెప్పేద్దువుగానిలే. అలసిపోయి ఉన్నప్పుడు మాత్రం ఏదీ తేల్చుకోకు. రేపు ఆదివారమేగా, ఇంట్లో ఏ పనీ ముట్టుకోకు. ఎవరికీ ఏదీ గుర్తు చెయ్యకు. అలగొద్దు, కోప్పడొద్దు, ఊరికే కూర్చో. నువ్వు లేకపోతే ఏది ఆగుతుందో, ఏది ఆగదో నీకే తెలుస్తుంది."

మర్నాడు భాగ్యరేఖ కుర్చీ తెచ్చుకుని ముందు గదిలో కూర్చుంది. ఆమె భర్త మనోజ్‌కుమార్ ఉక్కు ప్లాంట్‌లో క్రేన్ ఆపరేటర్. ఆ రోజు అతనికి సెలవు. టీ కోసం ఎదురుచూసి, చివరికి తనే వచ్చాడు.

"ఏటి, ఒంట్లో బాగులేదా?"

"బాగానే ఉంది. నాకూ ఈవేళ వీక్లీ ఆఫ్."

అతను నవ్వి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఆ నవ్వు పోయింది. కుళాయి వచ్చి వెళ్ళిపోయింది, మోటారు వేసి ట్యాంకు నింపినవాళ్ళు లేరు. తలకు షాంపూ రాసుకున్న కుముదిని బాత్రూంలోంచి "మమ్మీ, పానీ నహీ ఆ రహా" అని నీళ్ళ కోసం కేకేసింది. భాగ్యరేఖ లేవబోయి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఆగిపోయింది. మనోజ్‌కుమార్ బకెట్లు పట్టుకుని విమలకుమారి ఇంటికి పరుగెత్తాడు. ఆమె ఏమీ ఎరగనట్టు గేటు తీసింది.

వంటింట్లోకి మామగారు గురునాథరావు దిగాడు. ప్లాంట్‌లో రోలింగ్ మిల్లు ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. భార్య పోయాక వంటింటి గడప తొక్కింది మంచినీళ్ళకే. కుక్కర్‌లో బియ్యం, పప్పు కలిపి పోసి, మూత మీద విజిల్ పెట్టడం మరిచాడు. పప్పు గోడంతా చిమ్మింది. గుడ్డ తడిపి తనే తుడుచుకున్నాడు.

బాగా పొద్దెక్కాక, ముద్దయిపోయిన ఆ అన్నంలో ఆవకాయ నంజుకుని నలుగురూ తిన్నారు. గురునాథరావు కంచం వైపు చూస్తూ అడిగాడు.

"రోజూ ఇయన్నీ చేసుకునే డ్యూటీకి ఎల్తన్నావేటమ్మా?"

"అవును మావయ్యా."

అప్పుడు ఇన్‌ఛార్జి మాట చెప్పింది. వద్దనబోతున్నానని కూడా చెప్పింది.

"ఎందుకొద్దు? నేను సాయం చేస్తాను కదా," అన్నాడు మనోజ్‌కుమార్.

"సాయం కాదురా," అన్నాడు గురునాథరావు. "సాయమంటే పని దానిదే, నువ్వు దయ తలచినట్టు. షిఫ్ట్ అయినాక నీ చోట కూర్చునే రిలీవర్ రాకపోతే నువ్వు క్రేన్ దిగుతావేటి? దిగవు. దీనికి ఇన్నాళ్ళూ రిలీవరే లేడు. పొద్దుటి వంట నాది. నీళ్ళు, బట్టలు నీవి. చార్జ్ తీసుకో." తర్వాత కోడలి వైపు తిరిగాడు. "నువ్వూ వినమ్మా. చార్జ్ ఇచ్చినాక మా ఎనకాల నిల్చోని చూడకూడదు."

సోమవారం భాగ్యరేఖ శ్యామసుందర్‌తో సరేనంది.

పని ఇవ్వడం కంటే దాని జోలికి పోకుండా ఉండడమే కష్టమైంది. మామగారు క్యాబేజీ పెద్ద పెద్ద ముక్కలు కోస్తుంటే నాలుక దురద పెట్టింది. గుమ్మం దాకా వెళ్ళిందోసారి. ఆయన గరిటెతో వెనక్కి తిరిగి, "ఏటమ్మా, నీకు డ్యూటీ లేదా?" అన్నాడు. తోక ముడిచి వచ్చేసింది. మనోజ్‌కుమార్ ఎర్ర తువ్వాలుతో కలిపి ఉతకడంతో కుముదిని తెల్ల యూనిఫాం గులాబీ రంగుకు తిరిగింది. "పాపా, యే క్యా కియా," అని పిల్ల తండ్రిని నిలదీసి నెత్తి పట్టుకుంది. అతనే బజారుకు పోయి కొత్తది తెచ్చాడు. ఆ తర్వాత తువ్వాళ్ళు విడిగా నానబెట్టడం ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాడు.

ఒక సాయంత్రం లోడుకు సిద్ధమైన బుష్‌లలో, అంటే ఇరుసులకు తొడిగే లోహపు గొట్టాల్లో, కొన్నిటి కొలతలు తేడాగా వచ్చాయి. అన్నీ మళ్ళీ చూడాలి. అలవాటుకొద్దీ ఇంటికి ఫోన్ చేసింది.

"మావయ్యా, రాత్రికి..."

"రాత్రికి రొట్టెలు నేనే చేస్తన్నాను. నువ్వు నీ పని చూసుకో," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆమెకు నవ్వొచ్చింది. ఒక్క క్షణం మనసు చివుక్కుమంది కూడా, తను లేకపోయినా ఇల్లు నడుస్తోందని. కొలిచే మైక్రోమీటరు అందుకుని మళ్ళీ పనిలో కూర్చునేసరికి ఆ చివుక్కుమన్నది పోయింది. చెడ్డవి వేరుచేయించి, లోడు తన సంతకంతో పంపింది.

ఆ వారం చివర్లో విమలకుమారి గోడ మీంచి పలకరించింది. "ఏమ్మా, ఏది ఆగిపోయింది?"

"ఏదీ ఆగలేదాంటీ. ఉప్పు మాత్రం కొంచెం ఎక్కువవుతోంది."

ఆ ఆదివారం ఎండ మంచం మీదికి వచ్చాక ఆమెకు మెలకువ వచ్చింది. వంటింట్లో తండ్రీకొడుకులు ఉప్మాలో నీళ్ళెన్ని పొయ్యాలో వాదించుకుంటున్నారు. జవాబు ఆమెకు తెలుసు. దుప్పటి ముఖం మీదికి లాక్కుని అటు తిరిగి పడుకుంది.